కోటలలో హేమంతరాత్రి

కోట యనగానే మన మనస్సునకు తోచునది బలము. మిన్నుముట్టు బురుజులు, లోతైన అగడ్త, ఇనుపగుబ్బల తలుపులు, గోడలపై తిరుగు కావలివారు. ఇట్టి గోడల నడుమ నున్నవానికి కొరత యేమని తలంతుము. శత్రువు లోనికి రాకుండుటకై కోటను కట్టిరి. ఆ పనిని కోట చక్కగనే చేసినది. కాని యూరపుఖండమున నేటేట తప్పక దండెత్తి వచ్చు శత్రు వొకడు కలడు. వాడు నిచ్చెన వేయడు, తలుపు బ్రద్దలు చేయడు. రాతిగోడలోనుండియే దూరి ప్రభువు పానుపుదాక నడచి వచ్చును. ఆ శత్రువు చలి. 11వ శతాబ్దము మొదలు 15వ శతాబ్దము వఱకు, రాతికోటలు వెలిగిన కాలమున, ఆ దేశముల జనులు చలికాలపు రాత్రి నెట్లు గడపిరో చెప్పుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ముందుగా ఒక కథ. ఫ్రాన్సుదేశపు దక్షిణమున, పిరనీసు పర్వతముల చేరువను, ఓర్తేజు అను పట్టణము కలదు. 14వ శతాబ్దమున ఫ్వా సీమకు ప్రభువైన గాస్టన్ ఫేబసు అచటి కోటలో కొలువుండెను. ఫ్రాయిస్సారు అను చరిత్రకారుడు 1388లో ఆ కొలువునకు అతిథిగా పోయెను; తాను విన్న ముచ్చట నొకదానిని తన చరిత్రగ్రంథమున చేర్చెను. ఒక క్రిస్మసు పండుగనాడు చలి మిక్కుటముగ నుండెను. ప్రభువు 24 మెట్లెక్కి పైశాలకు వచ్చి, పొయ్యిలోని మంటను చూచి, ఇంత చలికి ఇంత చిన్నమంటయా యని చిన్నబుచ్చుకొనెను. ఎర్నాటన్ అను యోధుడు కిటికీనుండి తొంగిచూడగా క్రింది ముంగిట కట్టెలమోపులతో గాడిదలు కనబడెను. అతడు గబగబ దిగిపోయి, వానిలో పెద్ద గాడిదను కట్టెలతో కూడ భుజములపై కెత్తుకొని, ఆ 24 మెట్లెక్కి వచ్చి, మంటచుట్టు మూగిన దొరలను త్రోసికొని, గాడిదను కాళ్లు మీదుగా పొయ్యిలో పడవేసెను. ప్రభువు నవ్వెను, సభవారందఱును నవ్విరి. గాడిద నవ్వలేదని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ ముచ్చట ఆఱువందల యేండ్లకు పైగా నిలిచియున్నది. చదివినవారు యోధుని బలమును మెచ్చుకొందురు. నే నీ కథను మొదట చదివినప్పుడు నా చూపు ఆ ముంగిట నిలిచిన గాడిదలమీదనే నిలిచిపోయెను. అవి ఆనాడు దైవికముగ వచ్చినవి కావు. ఎవడో అడవిలో కట్టె కొట్టెను. ఎవడో మోపు కట్టెను. ఎవడో గాడిదల తోలుకొని వచ్చెను. ఆ మోపులను మెట్లమీదుగా పైకి చేర్చువాడును ఒకడుండెను. యోధుడు వేడుకకై ఒక్కమాఱు చేసిన పని చరిత్రకెక్కినది. పొట్టకూటికై దినదినము చేసినవారి పని యెక్కడ నెక్కినది? ఈ ప్రశ్నకు వ్యాసము చివర నొక సమాధానము చెప్పగలను. అంతకుముందు, అన్ని కట్టెలు కాలినను కోట యేల వెచ్చబడలేదో చూడవలయును.

ఇంగ్లండులో సముద్రతీరమున డోవరు కోట యున్నది. 1180 ప్రాంతమున రెండవ హెన్రీ కట్టించిన దాని నడిమిబురుజు గోడలు కొన్నిచోట్ల 21 అడుగుల మందము. రాళ్లు రువ్వు యంత్రములకు అట్టిగోడ లొంగదు. కాని మందము బలమునకు పనికివచ్చినట్లు వెచ్చదనమునకు పనికిరాలేదు. రాయి వేడిని మెల్లగా త్రాగును, మిక్కిలిగా త్రాగును. కార్తికమునుండి చల్లబడిన అంత రాతిని వెచ్చచేయుటకు ఒకపూట మంట చాలదు. పదిదినముల మంటయు చాలునో చాలదో. గదిలోని గాలి కొంత వెచ్చబడినను, ప్రక్కనున్న చల్లనిగోడ మనిషి యొంటిలోని వేడిని తనవైపు లాగికొనుచునే యుండును. పైగా ఉత్తరదేశములలో డిసెంబరు మాసపు పగలు ఏడెనిమిది గంటలకు మించదు. తక్కినదంతయు రాత్రియే.

తొలినాళ్ల కోటలలో మంటకు స్థానము పెద్దశాల నడిమి నేల. రాతిపలకలు పఱచి, దానిమీద దుంగలు పేర్చి కాల్చుచుండిరి. పొగగొట్టము లేదు. పొగ పైకెగసి, దూలముల నడుమ తిరిగి, కప్పునందు పొగకై విడిచిన గూడునుండి వెడలిపోవలయును. గాలి యెదురు తిరిగిననాడు అది క్రిందికే దిగును. అయినను ఈ పద్ధతిలో ఒక మేలు కలదు. మంట నడుమ నుండుటచే నాలుగువైపులవారికిని వేడి యందును. పుట్టిన వేడి యంతయు ఇంటిలోనే నిలుచును. కెంటుసీమలోని పెన్షర్స్టు భవనమున 1341 నాటి పెద్దశాలలో నేలనడిమి అట్టిపొయ్యి నేటికిని చూడవచ్చును.

ష్రాప్‌షైరుసీమలోని స్టోక్‌సే కోటయు అట్టిదే. దానిని కట్టించినవాడు రాజు కాడు, సేనాపతి కాడు. లడ్లో పట్టణపు లారెన్సు అను ఉన్నివర్తకుడు. అతడు 1281లో ఆ భూమిని సంపాదించి, 1291లో కోటబురుజులకు రాజానుమతి పొందెను. ఇతరుల ఒంటిని వెచ్చచేయు ఉన్నిని అమ్మి, ఆ సొమ్ముతో చల్లని రాతియిల్లు కట్టుకొన్నాడు. 1294లో ఉన్నియోడతో సముద్రమున మునిగి మరణించెను. అతని శాలలో నడిమిపొయ్యి, ప్రక్క మేడమీద యజమానుని ఏకాంతపుగది యున్నవి. ఆ గదిలో గోడపొయ్యి కలదు. పొయ్యి కిరుప్రక్కల శాలలోనికి చూచుటకు చిన్నకంతలు కలవు. కాని శాలనుండి ఆ గదికి పోవలెనన్న వెలుపలి మెట్లెక్కవలయును. అనగా, యజమానుడు నిద్రకు పోవునప్పు డెల్ల, మంచు కురియుచున్నను, ఆరుబయట నాలుగడుగులు వేయకతప్పదు.

గోడపొయ్యి తొలినుండియు కొన్ని గొప్పకోటలలో నుండెను. 11వ శతాబ్దపు లండను శ్వేతదుర్గమునందును, కోల్చెస్టరు కోటయందును అవి యున్నవి. మేడమీది చెక్కనేలపై నిప్పు పేర్చుట ప్రమాదము గనుక, గోడలోనే గూడుతొలిచి పొయ్యి యమర్చిరి. తొలుత వాని పొగమార్గము కప్పుదాక పోక, గోడకు వెలుపల కంతతో ముగియుచుండెను. నిలువుగా కప్పుమీదికి లేచు పొగగొట్టములు తరువాత క్రమముగ వాడుకలోనికి వచ్చినవి. పొగబాధ తగ్గినది, కాని వేడిలో పెద్దపాలు పొగతోపాటు పైకి పోయెను. మంట గాలిని లాగుకొనును గనుక, తలుపుసందులనుండి కొత్తచలిని అదియే లోనికి పిలుచును. మంటయెదుట కూర్చున్నవానికి ముఖము కాలును, వీపు వడకును. పొయ్యి లేని గదులకు బొగ్గుకుంపటి నెత్తుకొని పోవుచుండిరి. తలుపులు మూసిన గదిలో ఆ కుంపటి యావిరి ప్రాణముల మీదికి తెచ్చును.

ఈ చిక్కును తెలివితో గెలిచినవారు లేకపోలేదు. నేటి పోలండుదేశమున మాల్బోర్కు కోట కలదు. 1309 మొదలు ట్యూటానిక్ యోధసంఘమున కది రాజధాని. అచటి పెద్దభోజనశాలక్రింద కొలిమిని కట్టి, దానిమీద రాళ్లగుట్ట పేర్చిరి. మొదట మంటవేసి రాళ్లను కాల్తురు. పొగ పోయిన తరువాత, శాల నేలలోని రంధ్రముల మూతలు తీయుదురు. కాలినరాళ్లను తాకి వేడెక్కిన గాలి మాత్రమే, పొగ లేకుండ, పైకి వచ్చును. వేడిని త్రాగు గుణమే రాతియందలి దోషము. ఆ దోషమునే వారు గుణముగ మార్చికొనిరి. కాని ఇట్టియేర్పాటు సంపన్నమైన సంఘమునకే గాని సామాన్యపు దొరకు సాధ్యము కాదు.

తక్కినచోట్ల రాతిని వెచ్చచేయుట మాని, రాతిని కప్పుటకు పూనుకొనిరి. గోడలకు చెక్కపలకలు తాపిరి. 13వ శతాబ్దపు ఇంగ్లండురాజు మూడవ హెన్రీ చలికోర్వలేనివాడో, సుఖమెఱిగినవాడో గాని, ఆతని యాజ్ఞాపత్రములలో కిటికీలు, పొయ్యిలు, చెక్కతాపడములు మాటిమాటికి కనబడును. వించెస్టరు కోటలో తన కుమారుడు ఎడ్వర్డు గదికై నార్వేదేశపు దేవదారుపలకలు కొని తెప్పింపుమని యాజ్ఞ వెడలెను. ధనవంతులు గోడలకు ఉన్నితెరలు వ్రేలాడదీసిరి. వీనిలో ఫ్రాన్సునందలి ఆరాసు పట్టణపు నేతపని పేరుగన్నది. ఇంగ్లీషువారు అట్టి తెరల నన్నిటిని ఆ యూరిపేరనే పిలిచిరి. అవి కంటికి వేడుక, చలిగాలికి అడ్డు. నేలపై తుంగగడ్డి పఱచిరి. కిటికీలకు చెక్కతలుపులే దిక్కు. తలుపు మూసిన చీకటి, తీసిన చలి. గాజు అపురూపము. 1567లో కూడ నార్తంబర్లండు ప్రభువు అధికారి యొకడు, దొర కోటలో లేనప్పుడు గాజుపలకల నూడదీసి భద్రపఱచుట మేలని వ్రాసియుంచెను.

ఇక పానుపు. ఇంటిలో ఇల్లు కట్టుకొన్నట్లు, గదిలో మఱియొక చిన్నగది కట్టుకొనుటయే ఆనాటి గొప్పవారి ఉపాయము. మొదట దూలములనుండి త్రాళ్లతో మేలుకట్టును వ్రేలాడదీసి, దానికి తెరలు కట్టిరి; తరువాత పందిరిమంచములు వచ్చినవి. తెరలు దించినచో, లోపలి కొద్దిగాలిని మనిషి యొంటివేడియే వెచ్చచేయును. క్రింద గడ్డిపఱుపు, దానిపై ఈకలపఱుపు, నారదుప్పట్లు, ఉన్నికంబళ్లు, అన్నిటికి మీద మెత్తని బొచ్చుతోలు కప్పుడు. ఉడుతతోలు గొప్పవారిది, కుందేలుతోలు తక్కువవారిది. ఆనాటి చిత్రములలో శయ్యపై నున్నవారు పలుమాఱు వస్త్రహీనులై, తలకు మాత్రము టోపీతో కనబడుదురు. కప్పుడు మంచిదైన ఒంటిబట్ట లేకున్నను జరుగును. కప్పుడు బయటనుండు తలకు మాత్రము రక్షణ కావలయును.

ప్రభువు గదిలో ప్రభువు ఒంటరిగ నిద్రించెనని యనుకొనరాదు. ఆజ్ఞకు సిద్ధముగ సేవకులు అదేగదిలో నేలమీది పఱుపులపై పడుకొనుచుండిరి. తక్కినవారికి పెద్దశాలయే పడకటిల్లు. భోజనమైన పిదప బల్లలు తీసివేసి, గడ్డిపఱుపులు పఱచుకొని, కప్పుకొనుటకు తన పైబట్టయే దుప్పటిగా, ఒకరి కొకరు దగ్గఱగ పడుకొనుచుండిరి. ఒకే పక్కపై ఇద్దఱు ముగ్గురు పడుకొనుట ఆ కాలమున సిగ్గుకాదు, వింతకాదు. చలికి అది చవుకయైన మందు. మంటకు దగ్గఱి తావు ఎవరిదో, తలుపుప్రక్కతావు ఎవరిదో వేఱుగ చెప్పనేల?

వెచ్చదనమునకును అంతస్తు లుండెను. 1363లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన శాసనమున ఎవ రేబట్ట కట్టవలెనో, ఏ బొచ్చుతోలు ధరింపవలెనో తరగతులవారీగ వ్రాసిరి. బండివాండ్రు, నాగలిదున్నువారు, పశువులకాపరులు మొదలగువారు ముతక ఉన్నిబట్టలు తప్ప వేఱు ధరింపరాదని యందు కలదు. ఇట్టి శాసనములు సరిగా అమలు జరుగలేదనియు చరిత్రకారులు చెప్పుదురు. కాని తలంపు చూడుడు. మంచుకాలమున పొలముల నడుమ దినమెల్ల నిలుచువానికి ముతకబట్ట. పొయ్యియెదుట కూర్చున్నవానికి ఉడుతతోలు.

రాత్రి ముదిరిన తరువాత మంట నట్లే విడిచి నిద్రించుట ప్రమాదము. చెక్కదూలములు, ఎండుగడ్డి, తెరలు, ఒక్క నిప్పురవ్వ చాలును. కావున సాయంకాలము గంట మ్రోగించి నిప్పు నణచుట యాచారమైనది. నిప్పుకణికలను బూడిదతో కప్పి, పైన మట్టిమూత బోర్లించి, తెల్లవాఱగనే మరల రగుల్చుకొందురు. నివురు గప్పిన నిప్పు అని మనము వాడుకొను మాటకు సరియైన రూప మది. నిప్పు కప్పుము అను అర్థము గల ఫ్రెంచిమాటనుండియే కర్ఫ్యూ అను మాట పుట్టినది. వార్తాపత్రికలలో ఆ మాటను భయముతో చదువుచున్నాము. మొదట అది ఇంటింట నిప్పును భద్రపఱచుకొను వేళ.

కట్టె చాలనిచోట రాక్షసిబొగ్గును కాల్చిరి. అది సముద్రతీరమున దొరకి, ఓడలమీద వచ్చుటచే దానికి సముద్రపుబొగ్గని పేరు. ఆనాటివారికి దాని పొగ వాసన దుర్భరముగ తోచెను. 1257లో మూడవ హెన్రీ భార్య ఎలియనోరు రాణి నాటింగుహాము కోటలో నుండి, పట్టణమున కాలు బొగ్గుపొగ నోర్వలేక, టట్‌బరీ కోటకు తరలిపోయెను. ఏ సేన దాడి చేయకయే, పొగ యొక్కటియే రాణిని కోట విడిపించినది. కట్టెయే కావలెనన్న అడవినుండి రావలయును. అనేక గ్రామములలో దొరకోటకు కట్టెలు తోలియిచ్చుట రైతులు భూమికై చేయవలసిన వెట్టిలో నొకభాగము. తమ గుడిసెలకో, వారి ఆచారము ననుసరించి, పడిపోయిన ఎండుపుల్లలే.

ఇప్పుడు ఆ ముంగిటి గాడిదలను గూర్చిన ప్రశ్నకు వత్తును. కట్టె మోసినవారి పని ఎక్కడ నెక్కినది? కావ్యములలో లేదు, పద్దులలో ఉన్నది. నార్తంబర్లండు ఐదవ ప్రభువు హెన్రీ పెర్సీ గృహపు పద్దులపుస్తకము 1512 ప్రాంతమున ప్రారంభమైనది. మధ్యయుగము ముగియుచున్న కాలము. కాని రీతి యంతయు పాతదియే. యార్క్‌షైరుసీమలో ఆయనకు రెసిల్ కోట యుండెను. ఇంటివారును సేవకులును కలిసి 166 మంది. ఏయే వస్తువు సంవత్సరమున కెంత కావలెనో ముందుగనే లెక్కకట్టి వ్రాసిరి. అంతమందికి వంటయింటి పొయ్యి, పెద్దశాలపొయ్యి గాక 24 పొయ్యిలు మాత్రమే. అందు పెక్కింటికి దినమునకు సుమారు రెండు గాలనులు పట్టు కొలపాత్రెడు బొగ్గు. బొగ్గు తనంతట మండదు గనుక కట్టె 64 బండ్లు, బండి 12 పెన్నీలు. మొత్తము 768 పెన్నీలు, అనగా 64 షిల్లింగులు. మార్చి 25వ తేదీన వచ్చు మేరీమాత పండుగ దాటినచో గదులలో నిప్పు నిలిపివేయవలయును. ప్రభువునకు, ఆయన భార్యకు, పెద్దకుమారునకు, శిశువులగదికి మాత్రము అరమంట. యార్క్‌షైరున ఏప్రిలు మాసపు రాత్రి ఎట్టిదో ఆ పద్దున లేదు. తక్కినవారు వడకుచు గడపి యుందురు.

గ్రామపు లెక్కలు వ్రాసి జీవించువాడనగుటచే ఆ అరమంట యను మాటవద్ద నేను చాలసేపు ఆగిపోతిని. ఎంత సూక్ష్మమైన లెక్క! ఎవరికి నిండుమంట, ఎవరికి అరమంట, ఎవరికి చీకటి, ఒక్కపంక్తిలో తేలినది. ఫ్రాయిస్సారు చెప్పిన కథ చక్కగ నవ్వించును. కాని ఆ కోట నిజముగ నెట్లు వెచ్చబడెనో చెప్పగలిగినది పేరైనను తెలియని ఒక లేఖకుడు వ్రాసిన పద్దు. కట్టె యింత, కూలి యింత, గోడకు పలక యింత అని వ్రాసినవాడు తాను చరిత్ర వ్రాయుచున్నానని యెఱుగడు. అతడు తప్పు వ్రాసినను, వ్రాయక విడిచినను, ఆ చలిరాత్రులు మనకు తెలియకయే పోయెడివి.

రాతిని చూచి కోట గొప్పదందుము. రాయి రాత్రి నొక్కనిని కాపాడలేదు. కాపాడినది అడవినుండి వచ్చిన కట్టె, గొఱ్ఱెమీదినుండి వచ్చిన ఉన్ని, ప్రక్కన పడుకొన్న మనిషి యొంటివేడి. ఆ మూటికి వెనుక మోసినచేతులు, వడికినచేతులు కలవు. యోధుని భుజముపై గాడిద యొక్కదినము ఎక్కినది. తక్కినదినములన్నియు బరువు గాడిదమీదనే, దాని వెనుక నడచినవాని మీదనే యుండెను.

ఈ రజతోత్సవ సమయమున మన గ్రంథాలయమునకు గ్రంథముల నిచ్చిన దాతల పేరులు ఈ సంచికలో ముద్రితమగును, అది ధర్మము. దానితోపాటు నా విన్నప మొకటి. ఇరువదియైదేండ్ల జమాఖర్చుల పుస్తకములు బీరువా అడుగున నున్నవి. చీపురునకు, దీపమునకు, వర్షమునకు కారిన కప్పును బాగుచేసిన కూలికి వ్రాసిన చిన్నపద్దులు వానిలో నున్నవి. చెదలు పట్టకమునుపే వానిని తీసి, దుమ్ము దులిపి, అట్టలు కట్టించి, చదువరులకు అందునట్లు చరిత్రగ్రంథముల వరుసలో నుంచుదురుగాక.